వేరే కుక్క కరిచిన చోట పైన మానినట్టే ఉంది, లోపల ఇన్ఫెక్షన్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

బంటి_నాన్న
అందరికీ నమస్తే. మా బంటి, ఆరేళ్ల మగకుక్క, 18 కేజీలు, ఒళ్లంతా నల్ల బొచ్చు. మొన్న సాయంత్రం వాకింగ్‌లో వాడి కంటే పెద్ద కుక్కతో గొడవైంది, విడిపించేలోపే భుజం దగ్గర పట్టేసింది. ఇంటికొచ్చి చూస్తే చిన్న చిల్లు, పెన్ను మొనంత, రక్తం కూడా పెద్దగా రాలేదు, సెలైన్‌తో బాగా కడిగాం. నిన్నంతా బానే ఉన్నాడు, కొంచెం కుంటాడు అంతే. ఇవాళ పొద్దున చూస్తే చిల్లు మీద పక్కు కట్టేసింది, ఆరిపోయినట్టే ఉంది, కానీ దాని చుట్టూ చెయ్యి పెడితే గట్టిగా తగులుతోంది, కొంచెం వేడిగా కూడా ఉన్నట్టుంది లేదా నాకే అలా అనిపిస్తోందేమో. తిండి సగం వదిలేశాడు. చీము లేదు, వాసన లేదు. ఇంట్లో వాళ్లేమో పక్కు కట్టిందంటే మానుతున్నట్టే కదా వదిలెయ్ అంటున్నారు. చీము లేకుండా కూడా ఇన్ఫెక్షన్ ఉంటుందా, ఏం చూసి తెలుసుకోవాలి?

గోధుమ_తోక
ఉంటుందండీ. కాటు గాయంలో చీము అన్నిటికంటే ఆఖర్న బయటపడేది, దాని కోసం కాచుక్కూర్చోవద్దు.

కుక్క తోలు వదులు చొక్కా లాంటిది. కోరపన్ను దిగాక అవతలి కుక్క తల విదిలిస్తుంది చూడండి, అప్పుడు తోలు పంటితో పాటు సాగిపోతుంది, చిరగదు, కింద ఉన్న కండ మాత్రం చిరుగుతుంది, తోలుకీ కండకీ మధ్య అతుకు ఊడిపోతుంది. పైన పెన్ను మొనంత, లోపల అరచెయ్యంత ఖాళీ ఉండొచ్చు. ఆ ఖాళీలో రక్తం, నీరు చేరతాయి, పంటితో పాటు లోపలికి పోయిన వెంట్రుకలు, లాలాజలం, మట్టి అన్నీ అక్కడే ఉంటాయి. పైన చిల్లుకి పక్కు కట్టిందా, ఇక బయటికి వచ్చే దారి లేదు. మీ ఇంట్లో వాళ్లు మానుతోంది అంటున్నది తోలు సంగతి, లోపలి సంగతి కాదు.

ఒక పని చెయ్యండి. మీ రెండు అరచేతుల వెనకవైపు వాడి రెండు భుజాల మీద ఒకేసారి పెట్టండి, దెబ్బ తగిలిన వైపు, తగలని వైపు. నల్ల కుక్కకి ఎరుపు ఎలాగూ కనపడదు, వేడి తేడానే తెలియాలి. తేడా ఉంటే అది మీ భ్రమ కాదు. తర్వాత థర్మామీటర్ పెట్టండి. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అని మాత్రం చూడొద్దు, దాంతో జ్వరం తెలీదు.

అనుమానం_పక్షి
మరీ భయపెట్టేస్తున్నారేమో. ఏ దెబ్బకైనా మొదట వాపొస్తుంది, వేడి ఉంటుంది, నొప్పి ఉంటుంది, కుంటుతుంది కూడా. అవన్నీ ఇన్ఫెక్షన్ అంటే ప్రతి గీతకీ హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే. మామూలు వాపుకీ దీనికీ తేడా ఏంటో చెప్పండి ముందు.

పశువుల_డాక్టరు
ప్రశ్న సరైనదే, అనుమానం_పక్షి గారు. ఒక్కసారి చూసి తేడా చెప్పడం మాకూ కష్టమే. చూడాల్సింది ఎంత ఉందని కాదు, ఎటు పోతోందని. (ముందే చెప్తున్నా, నేను చిన్న జంతువుల వైద్యం చేస్తాను కానీ ఫోటో చూసి, రాసింది చదివి ఇది ఫలానా అని తేల్చను.)

మామూలుగా మానే గాయంలో మొదటి రోజు, రెండో రోజు వాపు, కొంచెం వేడి, తాకితే నొప్పి అన్నీ ఉంటాయి. పల్చగా నీళ్లలాంటిది, లేత గులాబీ రంగుది కొద్దిగా ఊరొచ్చు. అయితే మూడో రోజు కల్లా ఇవన్నీ దిగుతూ ఉండాలి. నిన్నటి కంటే ఇవాళ వాపు తక్కువ, నిన్న తాకనివ్వనివాడు ఇవాళ తాకనిస్తాడు, అడుగు ఇంకొంచెం బాగా వేస్తాడు. ఇన్ఫెక్షన్‌లో ఇది తిరగబడుతుంది. నిన్న బానే ఉన్నవాడు ఇవాళ డల్లయ్యాడు, నిన్న మెత్తగా ఉన్నది ఇవాళ గట్టిపడింది, చిన్నది పెద్దదైంది. బంటి_నాన్న గారి పోస్టులో నాకు తట్టింది అదే, నిన్న మామూలుగా తిన్న కుక్క ఇవాళ సగం వదిలేసింది. పక్కు కంటే నాకు అది ముఖ్యం.

ఊరేదాన్ని కూడా చూడండి. పల్చగా, తేటగా ఉంటే మామూలు. చిక్కబడి, మబ్బుగా, పసుపు ఆకుపచ్చ గోధుమ రంగుల్లోకి మారితే చీము. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూడటానికి మొహమాటపడొద్దు, గాలి అక్కర్లేని క్రిములు లోపల పెరుగుతుంటే కుళ్లు వాసన వస్తుంది, ఒక్కోసారి చీము కంటే ముందే వస్తుంది. దవడ కింద, భుజం ముందు, మోకాలి వెనక గడ్డల్లా తగిలేవి లింఫ్ గ్రంథులు, గాయం వైపుది రెండో వైపు కంటే ఉబ్బిందంటే ఒళ్లు దేనితోనో పోరాడుతోందని లెక్క.

థర్మామీటర్ సంగతి. డిజిటల్‌ది తీసుకుని, చివర వ్యాజలీన్ రాసి, మలద్వారంలో ఒక రెండు మూడు సెంటీమీటర్లు మెల్లగా పెట్టి బీప్ వచ్చేదాకా ఉంచండి, ఇంకొకరు తల పట్టుకోవాలి. కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, అంటే 38.3 నుంచి 39.2 సెల్సియస్. మన లెక్కలో అది జ్వరమే, వాటికి కాదు. తీరిగ్గా పడుకుని ఉన్న కుక్కకి 103 దాటితే జ్వరం కింద లెక్కేసుకోండి. పరిగెత్తి వచ్చినప్పుడో, భయపడి వణుకుతున్నప్పుడో చూస్తే ఊరికే ఎక్కువ చూపిస్తుంది, ఒక అరగంట ఆగి చూడండి.

కత్తెర_పౌడర్
నేను గ్రూమింగ్ చేస్తాను, డాక్టర్‌ని కాదు, కానీ ఒకటి మాత్రం చూసి చూసి చెప్తున్నా, బొచ్చు తీయకుండా కాటు గాయం గురించి ఏం చెప్పినా దండగ. ఎంతమంది ఒక్కటే చిల్లు అని తీసుకొస్తారో, క్లిప్పర్ పెడితే నాలుగు బయటపడతాయి. పైదవడ కోరలు రెండు, కిందవి రెండు, నోరు మూస్తే గుర్తులు రెండు వైపులా పడతాయి కదా. భుజం మీద ఒకటి కనపడిందంటే చంకలో చూడాలి, మెడ పైన ఉంటే గొంతు వైపు చూడాలి. పొడుగు బొచ్చు కుక్కలకైతే ఊరిన నీళ్లకి వెంట్రుకలు అంటుకుపోయి అట్టలా కడుతుంది, పైకి పక్కులాగే ఉంటుంది, తడిపి మెల్లగా లేపితే కింద మొత్తం చీము.

ఇంట్లో కత్తెరతో కత్తిరించకండి దయచేసి, వాపున్న తోలు వెంట్రుకలతో పాటు పైకి లేస్తుంది, అది కూడా తెగుతుంది. క్లిప్పర్ ఉంటే క్లిప్పర్, లేకపోతే తడిపి పాయలు తీసి చూడండి చాలు. గాయం మీద ముందు కొంచెం స్టెరైల్ జెల్ రాస్తే తెగిన వెంట్రుకలు లోపలికి పోకుండా జెల్‌కి అంటుకుంటాయి, తర్వాత కడిగేయొచ్చు.

నిద్రలేని_కాపలా
హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యండి బ్రో, బుసబుస పొంగుతుంది, ఉన్న క్రిములన్నీ చచ్చిపోతాయి. మేము ఎప్పుడూ అదే.

గోధుమ_తోక
@నిద్రలేని_కాపలా పొంగితే పనిచేస్తున్నట్టు కాదండీ, రక్తానికి తగిలినా పొంగుతుంది, మంచి కండకి తగిలినా పొంగుతుంది. మానడానికి పుట్టుకొచ్చే కొత్త కణాల్ని కూడా కాల్చేస్తుంది. స్పిరిట్ కూడా అంతే, పైగా మంట. పొడులేవీ చల్లొద్దు, చిల్లులోకి పోయి గడ్డకట్టి కూర్చుంటాయి, రేపు డాక్టర్ అదంతా గోకి తీయాలి.

సెలైన్ చాలు. లేకపోతే కాచి చల్లార్చిన నీళ్లు అర లీటరులో ఒక టీస్పూన్ ఉప్పు. పోవిడోన్ అయోడిన్ వాడితే లేత టీ రంగు వచ్చేదాకా పల్చన చెయ్యాలి, సీసాలోది సీసాలోలా పొయ్యకూడదు.

పశువుల_డాక్టరు
గోధుమ_తోక గారు చెప్పింది కరెక్ట్. ఒక్కటి కలుపుతా. చిల్లు గాయంలోకి సిరంజి మొన దూర్చి జోరుగా కొట్టకండి, ఆ నీళ్లు బయటికి రాకుండా తోలు కిందకి పాకి మురికిని ఇంకా లోపలికి తోస్తాయి. పైపైన ధారగా పోస్తే చాలు. చిల్లు ఎంత లోతుందో చూద్దామని ఇయర్‌బడ్ కూడా పెట్టొద్దు. గుండె, ఊపిరితిత్తుల దగ్గర చిల్లయితే అలా పొడవడం ప్రాణం మీదకి వస్తుంది.

బంటి_నాన్న
చూశానండీ. రెండు భుజాలకీ వేడి తేడా స్పష్టంగా ఉంది, అనుమానమే లేదు. కత్తెర_పౌడర్ గారూ మీరన్నట్టే చంకలో ఇంకో చిల్లుంది, పైదాని కంటే పెద్దది, దాని మీద వెంట్రుకలు అంటుకుని ఉంటే నేను పక్కకి తీస్తుంటే గుర్రుమన్నాడు, వీడు నా మీద ఎప్పుడూ గుర్రుమనలేదు. అక్కడ కొంచెం తడిగా ఉంది, పసుపో గోధుమ రంగో, వాసన కొంచెం ఉంది. వేడి 103.6 వచ్చింది, పడుకున్నప్పుడే చూశాను. గట్టిగా ఉన్న చోటు కూడా పొద్దున్న కంటే కిందకి జారినట్టు, మోచేతి వైపుకి వాపు పాకింది. సాయంత్రం ఆఫీసయ్యాక తీసుకెళ్తే పర్లేదా, రేపు పొద్దున అపాయింట్‌మెంట్ ఉంది అసలైతే.

పశువుల_డాక్టరు
రేపు కాదు, ఇవాళే. ఫోన్ చేసి కాటు గాయం, జ్వరం, వాపు పాకుతోంది అని ఈ మూడు ముక్కలు చెప్పండి, మధ్యలో దూరుస్తారు. వాపు కిందకి జారడం నీరు దిగడం వల్ల కూడా అవుతుంది, కానీ జ్వరం, వాసన, తిండి తగ్గడం కలిసొచ్చాక ఇంట్లో చూడ్డానికి మిగిలిందేం లేదు. కదలలేనంత నొప్పిలో ఉన్న కుక్క సొంత మనిషినైనా కరుస్తుంది, వ్యాన్ ఎక్కించేటప్పుడు మూతికి మజిల్ వెయ్యండి. రొప్పుతుంటే, వాంతి చేసుకుంటుంటే మాత్రం మజిల్ వద్దు.

దారిలోనో, వేచి ఉన్నప్పుడో ఈ కిందివి కనపడితే క్యూ కోసం ఆగకుండా అరిచి లోపలికి వెళ్లండి. చిగుళ్లు తెల్లబోవడం లేదా ఇటుక రంగులోకి తిరగడం, వేలితో చిగురు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలోపు తిరిగి రాకపోవడం, పడుకుని కూడా రొప్పుతుండటం, పిలిస్తే కళ్లు తెరవడానికి కూడా బద్ధకించడం. వేడి ఉన్నట్టుండి 99 కంటే కిందకి పడిపోతే జ్వరం తగ్గిందని సంబరపడొద్దు, అది షాక్ కావచ్చు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి దిగితే గంటల్లో మారిపోతుంది పరిస్థితి.

ఇంకోటి, అందరికీ. వాపు మీద నొక్కితే వేళ్ల కింద చిటచిటలాడుతున్నట్టు తగిలితే తోలు కింద గాలి ఉందని అర్థం. గాలి పుట్టించే క్రిములైనా అయ్యుండాలి, లేదా గొంతు గొట్టం, ఛాతీ చిల్లుపడి గాలి లీకవుతూ అయినా ఉండాలి. రెండింట్లో ఏదైనా ఆగే పని కాదు. అసలు ఛాతీ మీద, పొట్ట మీద, గొంతు మీద కరిస్తే ఇన్ఫెక్షన్ గుర్తుల కోసం చూడనే అక్కర్లేదు, చిల్లు కనపడగానే వెళ్లాలి. చిన్న కుక్కని పెద్ద కుక్క నోట కరుచుకుని విదిలించినప్పుడు కూడా అంతే, పైన గీత లేకపోయినా లోపల పక్కటెముక విరిగి ఉండొచ్చు.

రెండు_బీగిళ్లు
మా ఇంట్లో జరిగింది చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. మా ఆడదానికి తుంటి మీద ఇలాగే గట్టి గడ్డ, మూడు రోజులు మూలుగుతూ ఉంది, తిండి లేదు, ఆ రోజే తీసుకెళ్దామని అనుకుంటుండగా మధ్యాహ్నం పడక మొత్తం తడి, గడ్డ పగిలి బోలెడంత ఎర్రటి గోధుమ రంగు చీము, ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు. తమాషా ఏంటంటే అది పగలగానే మా పిల్ల లేచి గిన్నె ఖాళీ చేసి తోక ఊపడం మొదలెట్టింది. ఇక అయిపోయింది అనుకుంటారు ఎవరైనా. నొప్పి తగ్గింది అంతే, లోపలి ఖాళీ అలాగే ఉంది, వెళ్తే డాక్టర్ కడిగి లోపలి చచ్చిన కండ తీసి చూపించాడు. పగిలింది కదా అని ఊరుకుని ఉంటే పైన మళ్లీ మూసుకుని మళ్లీ నిండేదట.

అనుమానం_పక్షి
సరే ఒప్పుకున్నా. అయితే ఒకటి అడుగుతా, మెత్తగా నీళ్ల సంచిలా ఉబ్బితే? మా దానికి ఒకసారి అలాగే వచ్చింది, నొప్పి లేదు ఏం లేదు, హాయిగా తిరుగుతోంది, డాక్టర్ ముట్టుకోవద్దని పంపించేశాడు.

పశువుల_డాక్టరు
అది సెరోమా అయ్యుంటుంది. ఖాళీలో ఉత్త నీరు చేరడం. వేడి ఉండదు, నొక్కితే కుక్క పట్టించుకోదు, జ్వరం ఉండదు, తిండి మామూలు. చాలాసార్లు ఒళ్లే పీల్చేసుకుంటుంది. చీము గడ్డ ముందు గట్టిగా, వేడిగా, నొప్పిగా ఉండి రెండు నుంచి అయిదు రోజుల్లో మధ్యలో మెత్తబడుతుంది. తేడా తెలీట్లేదంటే సూది పెట్టి కొంచెం లాగి చూస్తాం, మీరు ఇంట్లో సూది పెట్టొద్దు, శుభ్రమైన నీటి సంచిలోకి మీరే క్రిముల్ని పంపినట్టవుతుంది.

మంచు_మీసం
మా ముసలోడు వేరే జబ్బుకి స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు కరిపించుకొచ్చాడు. జ్వరం లేదు, వాపు లేదు, ఎరుపు లేదు, బానే ఉంది అనుకున్నాం. మా డాక్టరమ్మ మాత్రం చూడగానే మందు మొదలెట్టింది, స్టెరాయిడ్ వాడే కుక్కల్లో ఆ గుర్తులన్నీ అణిగిపోతాయి, అవి లేవని నమ్మకండి అంది. షుగర్ ఉన్నవాటికి, బాగా ముసలివాటికి, నెలల పిల్లలకి కూడా రెండు రోజులు చూద్దాం అనే లెక్క పనికిరాదట. నొప్పి మందు వేశాక చూసిన టెంపరేచర్ కూడా నమ్మకూడదు, అది జ్వరాన్ని కూడా దించేస్తుంది కదా.

నిద్రలేని_కాపలా
నొప్పి మందు అంటే గుర్తొచ్చింది, డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు మనం వేసుకునే మాత్ర సగం వేస్తే? పాపం మూలుగుతుంటే చూడలేం కదా.

పశువుల_డాక్టరు
వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసెటమాల్ డోసు మించితే లివర్ పోతుంది. సగమా పావా అని బేరాలొద్దు. పైగా మీరు ఇంట్లో ఒకటి వేసి వస్తే మేము ఇవ్వాల్సిన సరైన నొప్పి మందు దాని మీద వెంటనే ఇవ్వలేం, కుక్కకే నష్టం. పాత యాంటీబయాటిక్ మిగిలింది వెయ్యడం కూడా అంతే, రెండు మాత్రలతో ఇన్ఫెక్షన్ పోదు, మందుకి లొంగే క్రిములు పోయి లొంగనివి మిగులుతాయి.

బంటి_నాన్న
హాస్పిటల్‌లోనే ఉన్నాం, లోపలికి తీసుకెళ్లారు, మత్తిచ్చి తెరిచి చూస్తామన్నారు. ఖాళీగా కూర్చున్నా కాబట్టి అడుగుతున్నా, విడిపించేటప్పుడు మా తమ్ముడి చూపుడు వేలికి కూడా పన్ను తగిలింది, బంటిదో ఆ కుక్కదో తెలీదు, గోరు పక్కన చిన్న గాటు. వాడు కడుక్కుని ప్లాస్టర్ వేసుకున్నాడు. ఇవాళ వేలు కొంచెం లావైంది అంటున్నాడు. అది కూడా ఇలాగే చూడాలా?

పశువుల_డాక్టరు
ఇది మొదటి పోస్టులోనే రావాల్సింది! మీ తమ్ముణ్ని మనుషుల డాక్టర్ దగ్గరికి ఇవాళే పంపండి. చేతి మీద కుక్కకాటు తేలిగ్గా తీసుకునేది కాదు, అక్కడ తోలు కిందే కీళ్లు, కండని ఎముకకి కలిపే తాళ్లు (టెండన్లు) ఉంటాయి, పన్ను తిన్నగా వాటి దాకా పోతుంది. కుక్కల నోట్లో పాశ్చురెల్లా అనే క్రిమి ఉంటుంది, అది ఒక్క రోజు తిరక్కుండానే వాపు, ఎరుపు, నొప్పి తెప్పిస్తుంది, కాబట్టి రెండో రోజుకి వేలు లావవడం అంటే ఆలస్యమే అయింది. వేలంతా సమంగా ఉబ్బి, కొంచెం వంచి పెట్టుకుని, ఎవరైనా చాపితే ప్రాణం పోయినంత నొప్పి వస్తుంటే అది తాళ్ల చుట్టూ ఉన్న తొడుగులో ఇన్ఫెక్షన్, ఆపరేషన్ దాకా పోవచ్చు. చెయ్యి పైకి ఎర్రటి చార పాకుతున్నా, వణుకుతో జ్వరం వచ్చినా ఎమర్జెన్సీ. ప్లీహం తీసేసినవాళ్లకి, బాగా మద్యం అలవాటున్నవాళ్లకి క్యాప్నోసైటోఫాగా అని ఇంకో క్రిమి ప్రాణం మీదకి తెస్తుంది, గాయం చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది.

రేబిస్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనం మాట్లాడుతున్న గుర్తులేవీ దానికి పనికిరావు. గాయం ఎంత శుభ్రంగా మానినా రేబిస్ లేదని కాదు, గాయాన్ని చూసి రేబిస్ చెప్పలేం. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. అందుకే మనిషికి కాటు పడగానే సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, తర్వాత టీకా, అవసరమైతే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌తో పోరాడే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్), టెటనస్ గురించి డాక్టరు నిర్ణయిస్తారు. ఆ కుక్క ఓనర్ వ్యాక్సిన్ వేయించామని చెప్పినా నోటిమాట కాదు, కార్డు చూడండి, తేదీ చూడండి. బంటి కార్డు కూడా ఇవాళ అక్కడే చూపించండి, వేయించి ఉన్నా కాటు తర్వాత బూస్టర్ వెయ్యాల్సి ఉంటుంది.

గోధుమ_తోక
అలాగే ఇంకొకరి కుక్క కరిచిన మీ కుక్క గాయాన్ని ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు, అవతలి కుక్క లాలాజలం బొచ్చుకి ఇంకా ఉంటుంది, మన వేలికి చిన్న గీత ఉన్నా చాలు. గ్లవ్స్ వేసుకుని కడగండి.

బంటి_నాన్న
ఇంటికొచ్చేశాం. తమ్ముడు కూడా చూపించుకున్నాడు, యాంటీబయాటిక్ రాశారు, టీకా మొదలెట్టారు, ఎక్స్‌రే కూడా తీశారు.

బంటి సంగతి. పైన చిల్లుకీ చంకలో చిల్లుకీ మధ్య తోలంతా కండ నుంచి విడిపోయి ఉందట, డాక్టర్ పైనుంచి పెట్టిన పొడుగాటి పరికరం మొన చంకలోంచి బయటికి వచ్చింది, ఫోన్‌లో వీడియో చూపిస్తే నాకు కళ్లు తిరిగాయి. లోపల చీము, ఒక చెంచాడు నల్లబడిన కండ, వాటి మధ్యలో వెంట్రుకల కుచ్చు ఒకటి, అవి గోధుమ రంగువి, మా వాడిది నలుపు కదా, అంటే ఆ కుక్కవే అయ్యుండాలి. కడిగి, చచ్చినదంతా తీసి, మెత్తటి రబ్బరు గొట్టం పెట్టారు నీరు కిందకి కారిపోవడానికి. చీము కొంచెం ల్యాబ్‌కి పంపారు. కుట్లు పూర్తిగా వెయ్యలేదు, కింద వదిలేశారు. మెడకి ప్లాస్టిక్ కోన్ పెట్టారు, దాన్నేసుకుని తలుపులన్నిటికీ గుద్దుకుంటున్నాడు. అమోక్సిసిల్లిన్ క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ రాశారు.

ఇప్పుడు ఇంట్లో నేనేం చూడాలి? గొట్టం నుంచి ఎర్రటి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఇది మామూలేనా?

పశువుల_డాక్టరు
కారడానికే పెట్టారండీ, కారకపోతే కంగారు పడాలి. మొదటి రోజు ఎక్కువ, ఎర్రగా ఉంటుంది, రోజు రోజుకీ తగ్గుతూ పల్చబడుతూ లేత గులాబీలోకి రావాలి. మామూలుగా మూడు నుంచి అయిదు రోజుల మధ్య తీసేస్తారు. తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగితే, చిక్కబడితే, వాసన మొదలైతే, లేదా ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయి చుట్టూ ఉబ్బితే ఫోన్ చెయ్యండి. చర్మం రంగు చూస్తూ ఉండండి, నలిగిన తోలు ఊదాగా మారి, చల్లబడి, మూడో రోజుకో అయిదో రోజుకో నల్లగా తోలుముక్కలా అయ్యిందంటే అది చచ్చిపోయింది, తీసెయ్యాలి. అది వాళ్లు సరిగ్గా చెయ్యకపోవడం కాదు, విదిలించినప్పుడే రక్తనాళాలు తెగి ఉంటాయి, బయటపడటానికి టైం పడుతుంది.

పొద్దున్నా సాయంత్రం టెంపరేచర్ రాసి పెట్టుకోండి. మందు మొదలెట్టిన రెండు రోజుల్లో జ్వరం దిగి తిండి మొదలవ్వాలి. దిగకపోతే మందు సరిపోలేదనో, లోపల ఇంకేదో మిగిలిందనో అర్థం, ల్యాబ్ రిపోర్టు అందుకే.

కత్తెర_పౌడర్
రోజూ ఒకే చోట ఒకే లైటులో ఫోటో తియ్యండి, పక్కన ఒక నాణెం పెట్టండి సైజు తెలియడానికి. బొచ్చు తీసేశారు కాబట్టి ఇప్పుడు వాపు అంచు వెంబడి మార్కర్ పెన్‌తో గీత కూడా గియ్యొచ్చు, నల్ల తోలైతే తెల్ల పెన్. గీత దాటిందా లేదా అని చూస్తే చాలు, ఇంట్లో పెరిగింది తగ్గింది అని కొట్టుకోనక్కర్లేదు. కోన్ మాత్రం జాలిపడి తియ్యకండి, నాకితే మానుతుందనేది ఒట్టి మాట, ఒక్క రాత్రి వదిలేస్తే గొట్టం లాగిపారేస్తాడు.

మంచు_మీసం
ఈగలు! ఎవరూ చెప్పలేదు. కారే గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులోపే పురుగులు. కుక్కని బయట కట్టెయ్యొద్దు, లోపలే ఉంచండి. గాయం ఉన్నట్టుండి ఎక్కువ తడిగా, గబ్బుగా ఉండి కుక్క కుదురుగా కూర్చోకపోతే చిల్లులోకి టార్చి వేసి చూడండి.

బంటి_నాన్న
అప్‌డేట్ ఇస్తానన్నా కదా. జ్వరం దిగింది, 101.8 చూపించింది పొద్దున, గిన్నె నాకి నాకి దొర్లిస్తున్నాడు. గొట్టం నుంచి చుక్కలే వస్తున్నాయి, లేత రంగు. తమ్ముడి వేలు కూడా తగ్గింది. ల్యాబ్‌లో ఇప్పుడు వాడుతున్న మందుకే లొంగుతుందని వచ్చింది, కోర్సు మొత్తం వెయ్యమన్నారు.

ఒక్కటే భయం. చంకలో వదిలేసిన చోట అడుగున ఎర్రగా, గరుకు గరుకుగా ఏదో పెరుగుతోంది, గాజుగుడ్డ తగిలితే చటుక్కున రక్తం వస్తోంది, దాని మీద అక్కడక్కడ పసుపు పొర కూడా ఉంది. వాసన లేదు. మళ్లీ మొదలైందా?

పశువుల_డాక్టరు
లేదు, మీరు చెప్పినట్టే ఉంటే అది మానే కండ. ఎర్రగా, తడిగా, చిన్న చిన్న గింజల్లా ఉండి తాకితే రక్తం కారుతుంది, నొప్పి పెద్దగా ఉండదు, మొదటిసారి చూసినవాళ్లు అందరూ భయపడతారు. పల్చటి పసుపు పొర కూడా చాలాసార్లు ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్), చీము కాదు, చీమైతే తుడిస్తే వచ్చేస్తుంది, మళ్లీ ఊరుతుంది, కంపు ఉంటుంది. జ్వరం లేదు, తింటున్నాడు, వాపు తగ్గుతోంది, వాసన లేదు, అన్నీ ఒకవైపే చూపిస్తున్నాయి. ఫోటో మాత్రం మీ డాక్టర్‌కి పంపండి. ఆ పొరని గోకి తీసే ప్రయత్నం చెయ్యకండి, కొత్త కండ కూడా దాంతో వస్తుంది.

అనుమానం_పక్షి
రేపు గొట్టం తీస్తే ఆ చిల్లు కుట్టరా మరి? అలా తెరిచే వదిలేస్తే మళ్లీ క్రిములు దూరవా?

పశువుల_డాక్టరు
కుట్టరు. మిగిలిన తడి బయటికి రావడానికి అదే దారి, అడుగు నుంచి పూడుకుంటూ వచ్చి కొద్ది రోజుల్లో అదే మూసుకుంటుంది. అప్పటిదాకా రోజుకి రెండుసార్లు సెలైన్‌తో అంచులు తుడిచి, పైన పక్కు కడితే తడిపి మెత్తబరిచి తీసెయ్యండి. స్నానం, ఈత వద్దు, కోన్ అలాగే ఉంచండి.

బంటి_నాన్న
ఓకే సార్. రేపు మధ్యాహ్నం తీస్తారంట, తీశాక ఫోటో పెడతా.